కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవగలమా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, వైద్యవృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



"ఆరోగ్యం మీద ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అని కార్యదర్శి గారు నన్ను అడిగారు. షుగర్, బీపీ, గుండెపోటు గురించి మీరు చాలాసార్లు విన్నారు. టీవీలో వింటారు, వాట్సాప్‌లో చదువుతారు. అందుకని ఈ రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఎంచుకున్నాను. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో కండ కరిగిపోవడం, దానికీ మన ఇంట్లో పెద్దల పళ్ళెంలో పడేదానికీ ఉన్న సంబంధం. ఈ సభకు ఇదే తగిన విషయం అనిపించింది. మొదటి బ్యాచ్‌ల వాళ్ళం అరవై దాటాం. మనకు చదువు చెప్పిన సార్లు, టీచరమ్మలు డెబ్బై అయిదు, ఎనభై దాటారు. మన అమ్మానాన్నలు ఇంకా ఉన్న అదృష్టవంతులం కొందరం. అంటే ఈ విషయం మన ఇంటిదీ, మనదీ కూడా.

ముందుగా ఒక చిన్న పరీక్ష. బడిలో పెట్టినట్టు మార్కులు వెయ్యను, భయపడకండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు తిరిగే ఇబ్బంది ఉన్నవాళ్ళు చూస్తూ కూర్చోండి. మిగతావాళ్ళు రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోండి. చేతులు ఎక్కడా ఊనకుండా కుర్చీలోంచి నిటారుగా లేచి, మళ్ళీ కూర్చోండి. అలా అయిదుసార్లు. పక్కవాళ్ళు గడియారం చూడండి.

ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పిన లెక్క ఇది: అయిదుసార్లకు 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్ళ కండరాల సంగతి పరీక్ష చేయించుకోవాలి. రోగం ఉన్నట్టే అని అర్థం కాదు, చూపించుకోవాలని అర్థం. అసలు చేతులు ఊనకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే ఇంకా శ్రద్ధ పెట్టాలి. ఇంట్లో చెయ్యడానికి రెండో గుర్తు కూడా ఉంది. రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడు వేళ్ళు కలిపి ఉంగరంలా చేసి, పిక్క లావుగా ఉన్నచోట చుట్టూ పట్టండి. వేళ్ళు కలవకపోతే మంచిదే. వేళ్ళు కలిసి లోపల ఇంకా ఖాళీ మిగిలితే, అక్కడ ఉండాల్సిన కండ తగ్గిందన్నమాట. ఇది జపాన్‌లో పెద్దవాళ్ళ కోసం వాడుకలోకి తెచ్చిన పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇలా కండ, బలం రెండూ తగ్గిపోవడాన్ని వైద్యంలో సార్కోపీనియా అంటారు. గ్రీకు మాట. సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. అమెరికాకు చెందిన ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1980ల చివరలో ఈ పేరు పెట్టారు. అప్పటిదాకా దీనికి పేరు కూడా లేదు. "ముసలితనం" అనేవాళ్ళు, అంతే. 2016లో అమెరికా రోగాల పట్టికలో దీనికి సొంత సంఖ్య వచ్చింది. పేరు పెట్టినందువల్ల వచ్చిన లాభం ఏమిటంటే, ముసలితనానికి మందు లేదని వదిలేసేవాళ్ళం, దీన్ని మాత్రం వదిలెయ్యక్కర్లేదు.

ముప్పై ఏళ్ళు దాటాక పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని అంచనా. అరవై దాటాక వేగం పెరుగుతుంది. బరువు చూస్తే తెలియదు, ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది. చొక్కా సైజు మారదు, మెట్టు ఎక్కడం మాత్రం కష్టమవుతుంది. ముందు బిందె ఎత్తలేరు. తర్వాత బస్సు మెట్టు ఎక్కలేరు. తర్వాత నేల మీద కూర్చుంటే లేవలేరు. ఆ తర్వాత ఒక రాత్రి బాత్‌రూమ్‌లో కాలు జారుతుంది, తుంటి ఎముక విరుగుతుంది. మా దగ్గరికి అప్పుడు తీసుకొస్తారు. "మంచిగనే ఉండె సారూ, ఒక్కసారే పడిపోయింది" అంటారు. ఒక్కసారే కాదు. పదేళ్ళ నుంచి మెల్లగా జరుగుతున్నదే.

ఇది మన ప్రాంతంలో ఎలా జరిగిందో చూద్దాం. మన చిన్నప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళు ఉండేవాళ్ళు గానీ కూర్చున్న ముసలివాళ్ళు తక్కువ. డెబ్బై ఏళ్ళ ముసలవ్వ కూడా కలుపు తీసేది, కట్టెలు మోసేది, జొన్నలు విసిరేది. 1970లు, 80లలో పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు వచ్చాయి. బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి దాకా పాకాయి. తర్వాత వెంచర్లు వచ్చాయి. భూములు అమ్ముకున్నాం, కొందరివి పోయాయి. మనకు నౌకర్లు దొరికాయి, పిల్లలు చదువుకున్నారు, అది మంచికే. కానీ పొలం పోగానే మన అమ్మానాన్నలకు ఒంటికి ఉన్న పని పోయింది. దాని బదులు ఇంకో పని ఇవ్వాలని మనకు తోచలేదు.

ఇప్పుడు సగటు ఇల్లు ఎలా ఉంది? కొడుకు ఫస్ట్ షిఫ్ట్‌కు పొద్దున్నే వెళ్ళిపోతాడు. కోడలు కూడా పనికి పోతుంది. పిల్లలను స్కూల్ బస్ ఎక్కించాక ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే. లేదంటే పిల్లలంతా అమీన్‌పూర్‌లోనో, మియాపూర్‌లోనో, అమెరికాలోనో ఉంటారు, ఊళ్ళో అమ్మ ఒక్కతే. ఒక్కరి కోసం పొయ్యి వెలిగించాలంటే ఎవరికైనా బద్ధకమే. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు, ఇంత తొక్కు. రాత్రికి మిగిలిన అన్నంలో సల్ల పోసుకొని పిసుక్కొని తాగేస్తారు. అడిగితే "నాకేం బిడ్డా, ఇంత చారు, నాలుగు మెతుకులు చాలు" అంటారు. మనం దాన్ని నిరాడంబరత అనుకుంటాం. వైద్యుడి కళ్ళతో చూస్తే అది ఆకలి చచ్చిపోయిన మనిషి మాట.

లెక్క వేసి చూద్దాం. మనం సైన్సు పుస్తకంలో మాంసకృత్తులని చదివినదాన్నే ఇప్పుడు ప్రొటీన్ అంటున్నారు. కండను కట్టేదీ, మరమ్మతు చేసేదీ అదే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై అయిదు దాటినవాళ్ళకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. ఎందుకంటే వయసు మళ్ళిన కండ, తిన్న ప్రొటీన్‌ను కుర్రవాళ్ళ కండంత చురుగ్గా వాడుకోదు. అంటే వయసు పెరిగితే తిండి తగ్గాలన్న మన నమ్మకం ప్రొటీన్ విషయంలో తలకిందులు.

50 కిలోల అమ్మకు రోజుకు 50 నుంచి 60 గ్రాములు కావాలి. ఆమె తినేదెంత? రోజు మొత్తం మీద పావుకిలో బియ్యం వండుకుంటే అందులో 20 గ్రాముల లోపు వస్తుంది. చారులో వేసిన గుప్పెడు పప్పులో 3 గ్రాములు. చాయ్‌లో పాలు, సల్ల కలిపి 5, కూరగాయల్లో 3. అన్నీ కూడితే 30 దాటడం కష్టం. ప్రతి రోజూ సగం అప్పు. తిండి ఇవ్వని ప్రొటీన్‌ను ఒళ్ళు తన కండలోంచే తీసుకుంటుంది. అక్కడ తప్ప దానికి వేరే నిల్వ లేదు.

కడుపు నిండటం లేదని నేను అనడం లేదు. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కడుపు నిండుతుంది. కానీ ఒక్క బియ్యంతో కండ నిలవదు.

మన పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972లో మొదలైంది. 2022లో వాళ్ళు కూడా స్వర్ణోత్సవం చేసుకున్నారు. మనలో కొందరి ఇళ్ళ నుంచి అక్కడి పొలాల్లో కూలికి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ సంస్థ ప్రధానంగా పనిచేసే పంటలు ఏమిటి? జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి. ప్రపంచం నలుమూలల మెట్ట రైతుల కోసం వాళ్ళు పరిశోధన చేసే పంటలు మన తాతల చేలలో పండినవే. అందులో కంది, శనగ, పల్లి మూడూ ప్రొటీన్ గింజలు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, పల్లీల్లో 24, 25 గ్రాములు ఉంటుంది. జొన్నలో కూడా బియ్యం కంటే ఎక్కువే, సుమారు 10. జొన్న రొట్టె, గట్టి పప్పు, పల్లీల తొక్కు తిని పొలం పని చేసిన మనిషికి, తెలియకుండానే రెండూ అందేవి. ఇప్పుడు రెండూ ఒకేసారి తప్పిపోయాయి.

ఇక మనవాళ్ళు బలం కోసం ఏం చేస్తారో చూడండి. "కాళ్ళల్ల సత్తువ లేదు, ఒక సీసా ఎక్కియ్యి సారూ" అంటారు. గ్లూకోజ్ సీసా. అర లీటరు సీసాలో 5 శాతం గ్లూకోజ్ అంటే 25 గ్రాముల చక్కెర. ఒక అరటిపండు ఇచ్చేపాటి శక్తి. ప్రొటీన్ సున్నా. వాంతులు, విరేచనాలైనప్పుడు సెలైన్ ప్రాణం కాపాడుతుంది, కాదనను. కానీ కాళ్ళ సత్తువకు అది మందు కాదు. ఆ డబ్బుతో ఇంటికి గుడ్లు వస్తాయి. ఇంకొందరు పాయా సూప్ మీద నమ్మకం పెట్టుకుంటారు. రుచి బాగుంటుంది, తాగండి. కానీ అందులో ఎక్కువగా ఉండేది జిగురు ప్రొటీన్, కండ కట్టడానికి కావలసిన సరుకు దాంట్లో పూర్తిగా లేదు. డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడులు కూడా అందరికీ అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా వాటి వెంట పడవద్దనే చెప్పాయి.

మరి తిండి ఒక్కటి సరిచేస్తే చాలా? దీనికి మంచి జవాబు అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చింది. మరియా ఫియాటరోన్ అనే డాక్టరు, ఆమె బృందం 1990లో ఒక వృద్ధుల కేంద్రంలో సగటున 90 ఏళ్ళున్న పదిమందితో కాళ్ళకు బరువులతో వ్యాయామం చేయించారు. ఎనిమిది వారాలు. చివరిదాకా చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే రెండింతలు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. 1994లో అదే బృందం వందమందితో ఇంకా పెద్ద పరీక్ష చేసింది. కొందరికి వ్యాయామం, కొందరికి బలమైన పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్ళ బలం 113 శాతం పెరిగింది. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే తాగినవాళ్ళ బలహీనత తగ్గలేదు.

ఈ రెండు పరీక్షల నుంచి రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, తొంభై ఏళ్ళకు కూడా కండ మాట వింటుంది. రెండు, తిండి అనేది ఇటుక, సిమెంటు లాంటిది. పని అనేది మేస్త్రి. మేస్త్రి రాకపోతే ఇటుకలు వాకిట్లోనే పడి ఉంటాయి. ఇటుకలు లేకపోతే మేస్త్రి వచ్చి చేసేదేమీ లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

తిండిలో మొదటిది: ఉన్నదాన్ని మార్చకుండా కలపండి. ముసలివాళ్ళను అన్నం మానేయమంటే వినరు, మానాల్సిన పని కూడా లేదు. పొద్దున చాయ్‌తో బిస్కెట్ల బదులు ఒక ఉడికించిన గుడ్డు, 6 గ్రాములు. పదకొండు గంటలకు గుప్పెడు పుట్నాలో, పల్లీలో, 6, 7 గ్రాములు. మధ్యాహ్నం చారు బదులు గరిటె నిలబడేటంత గట్టి పప్పు, ఇంకో 6, 7. రాత్రి పడుకునే ముందు గ్లాసు పాలు, 6. ఇక్కడికే పాతిక గ్రాములు అదనంగా వచ్చాయి. అప్పు తీరింది. గుడ్డు తినని ఇళ్ళలో మీల్‌మేకర్ ఉంది. ముప్పై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. బబ్బెర్లు, శనగలు, పెసర్ల గుడాలు మన ఇళ్ళకు కొత్తవి కావు. మాంసం, చేప తినేవాళ్ళకు ఆదివారం ఒక్కరోజే కిలో వండి ముగించకండి, వారంలో మూడు పూటలకు పంచండి. ఒళ్ళు ప్రొటీన్‌ను కొవ్వులా దాచుకోలేదు, ఏ పూటది ఆ పూటే కావాలి.

రెండోది పళ్ళు. చాలా ఇళ్ళలో ముసలివాళ్ళు మాంసం మానేసింది భక్తితో కాదు, నమలలేక. చెప్పుకోవడానికి సిగ్గు. ముందు పళ్ళ డాక్టరుకు చూపించండి, కట్టుడు పళ్ళు పెట్టించండి. అప్పటిదాకా ఖీమా, ముళ్ళు తీసిన చేప, గుడ్డు పొరటు, పుట్నాల పొడి కలిపిన అన్నం పెట్టండి.

మూడోది వ్యాయామం. నడక మంచిదే, గుండెకూ షుగర్‌కూ మంచిది. కానీ కండ పెరగాలంటే నడక ఒక్కటే సరిపోదు, కండకు బరువు తగలాలి. కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు, తూలకుండా నిలబడే వ్యాయామం మూడు రోజులు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో అరవై అయిదు దాటినవాళ్ళకు చెప్పింది. జిమ్ అక్కర్లేదు. ఇందాక చేసిన పరీక్షే మందు కూడా. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి ఎనిమిది, పదిసార్లు లేచి కూర్చోవాలి, కాసేపు ఆగి మళ్ళీ. మొదట్లో చేతులు ఊనినా పర్వాలేదు, మెల్లగా మానాలి. తర్వాత దర్వాజా పట్టుకొని పదిసార్లు మునివేళ్ళ మీద లేవాలి. లీటరు నీళ్ళ సీసా అంటే కిలో బరువు. చేతికొకటి పట్టుకొని పైకీ కిందికీ ఎత్తాలి. చివరగా గోడ పట్టుకొని ఒక్కో కాలు మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడాలి. అంతా కలిపి పావుగంట. మన పీఈటీ సార్ ఎండలో చేయించిన డ్రిల్ కంటే చాలా తేలిక.

కొన్ని జాగ్రత్తలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్ళు వ్యాయామం మొదలుపెట్టే ముందు అడగాలి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోళీలు నెలల తరబడి మింగితే కిడ్నీలు పాడవుతాయి. షుగర్‌కు చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, పాలూ మాంసమూ రెండూ తక్కువగా తినేవాళ్ళు బి12 ఒకసారి చూపించుకోవాలి. ఎండ తగలకుండా ఇంట్లోనే ఉండేవాళ్ళు డి విటమిన్ సంగతి అడగాలి. కారణం లేకుండా రెండు, మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గితే వయసని వదిలెయ్యకండి, వెంటనే తీసుకురండి.

ఇంకొక ముఖ్యమైన మాట. జ్వరమొచ్చినా, ఆపరేషన్ అయినా పెద్దవాళ్ళను "రెస్ట్ తీసుకో" అని మంచానికే కట్టేస్తాం. 2007లో అచ్చైన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళను పది రోజులు మంచం దిగకుండా ఉంచి చూశారు. పది రోజుల్లోనే కాళ్ళలో సుమారు కిలో కండ పోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే అంత పోతే, జబ్బుతో తిండి తినని మనిషికి ఎంత పోతుందో ఆలోచించండి. డాక్టరు వద్దంటే తప్ప, రోజూ మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టండి, పట్టుకొని నాలుగు అడుగులు వేయించండి.

చివరికి మన ప్రవర్తన గురించి ఒక మాట. "అమ్మా, నువ్ కూసో, నేను చేస్త" అని మనం ప్రేమతోనే అంటాం. నీళ్ళ గ్లాసు చేతికిస్తాం, చెప్పులు కాళ్ళ దగ్గర పెడతాం. గౌరవం అనుకుంటాం. కానీ రోజుకు ఇరవైసార్లు లేచే మనిషి అయిదుసార్లే లేస్తే ఆ పదిహేనుసార్ల బలం ఏడాదిలో పోతుంది. పెద్దవాళ్ళతో బరువులు మోయించమని కాదు. వాళ్ళు చెయ్యగలిగే పనిని వాళ్ళ చేతుల్లోంచి లాక్కోకండి. మొక్కలకు నీళ్ళు పొయ్యనివ్వండి, కూరగాయలు తేనివ్వండి, మనవడిని వీధి చివర బస్సు దాకా దింపనివ్వండి. దూరంలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసినప్పుడు "తిన్నవా అమ్మా?" అని అడగడం మన అలవాటు. "తిన్న బిడ్డా" అనడం వాళ్ళ అలవాటు. ఇక నుంచి "ఏం తిన్నవ్?" అని అడగండి. "ఇయ్యాల ఎన్నిసార్లు కుర్చీ లేచినవ్?" అని అడగండి. మొదటి వారం నవ్వుతారు. రెండో వారం లెక్క చెప్తారు.

సంఘానికి ఒక విన్నపం. ఇకపై మనం ఎప్పుడు వైద్య శిబిరం పెట్టినా బీపీ, షుగర్ బల్లల పక్కన ఒక కుర్చీ, ఒక గడియారం పెట్టండి. అయిదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టిన సమయం కూడా చీటీ మీద రాయండి. వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం, ఎవరి సెకన్లు తగ్గాయో, ఎవరివి పెరిగాయో. మందులు, యంత్రాలు, నిధులు ఏవీ అక్కర్లేని పరీక్ష ఇది. మన ఊరి ఏ వాడలోనైనా మన పిల్లలే చెయ్యగలరు.

గురువులకు ఒక మనవి. మీరు తరగతిలోకి రాగానే మేం లేచి నిలబడేవాళ్ళం. మీరు కూర్చోమంటేనే కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మీ శిష్యుడిగా మీకు ఒక హోంవర్క్ ఇచ్చే ధైర్యం చేస్తున్నాను: పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు లేచి కూర్చోండి, పూటకింత గట్టి పప్పు తినండి. వచ్చే సభకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఈ వేదిక మెట్లు ఎక్కి వచ్చి మమ్మల్ని ఆశీర్వదించండి.